అప్పు ఒకరిది... వేధింపు మరొకరికా?

 



ఒక మనిషి వ్యాపారంలో దెబ్బతింటాడు. సరుకు అమ్ముడుపోదు, ఇచ్చిన బాకీలు తిరిగి రావు, తెచ్చిన అప్పు మీద వడ్డీ పెరిగిపోతుంది. చివరికి ఐ.పి. పెడతాడు, లేదా ఎవరికీ చెప్పకుండా ఊరు విడిచి వెళ్ళిపోతాడు. నిన్నటిదాకా ఆయన దుకాణం ముందు కూర్చున్న అప్పులవాళ్ళు ఈ రోజు ఆయన తమ్ముడి ఇంటి ముందు కూర్చుంటారు. అల్లుడు పనిచేసే ఆఫీసుకు ఫోన్లు వస్తాయి. ముసలితల్లిని వాకిట్లో నిలబెట్టి నలుగురూ వినేలా నానామాటలు అంటారు. ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఉంటే ఆ సంబంధం వారి చెవిన కూడా సంగతి వేస్తామని బెదిరిస్తారు. మీ అన్న ఇవ్వకపోతే నువ్వివ్వు, ఇద్దరిదీ ఒకే రక్తం కాదా అని నిలదీస్తారు.

ఈ విషయమై మూడు రకాల వాళ్ళు మమ్మల్ని అడుగుతూ ఉంటారు. బంధువు అడుగుతాడు: మా అన్న చేసిన అప్పు తీర్చడం నాపై విధి అవుతుందా? అప్పిచ్చినవాడు అడుగుతాడు: కష్టపడి సంపాదించిన హలాల్ సొమ్ము ఇచ్చాను, వాళ్ళ ఇంటివాళ్ళను కూడా అడగకపోతే నా డబ్బు ఎలా వస్తుంది? వసూలు ఏజెన్సీలో ఉద్యోగం చేసే యువకుడు అడుగుతాడు: ఈ పని నాకు ధర్మసమ్మతమేనా? ముగ్గురి ప్రశ్నలకూ షరీఅత్‌లో స్పష్టమైన సమాధానాలున్నాయి. ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎవరి బరువు వారిదే

అల్లాహ్ న్యాయంలో మూలసూత్రం ఒకటుంది. బరువు మోసే ఏ ప్రాణీ మరొక ప్రాణి బరువును మోయదు. ఈ మాటను దివ్యఖుర్ఆన్ ఒకచోట చెప్పి ఊరుకోలేదు. అన్‌ఆమ్ (6:164), బనీ ఇస్రాయీల్ (17:15), ఫాతిర్ (35:18), జుమర్ (39:7), నజ్మ్ (53:38) సూరాలలో మళ్ళీ మళ్ళీ గుర్తుచేసింది. ఇది పాపపుణ్యాల లెక్కకు సంబంధించిన మాటే అయినా, ఒకరి బాధ్యతను మరొకరి మెడకు చుట్టడం న్యాయం కాదన్న సంగతి ఇందులో ఇమిడి ఉంది.

హజ్రత్ యూసుఫ్ (అలై) వృత్తాంతం గుర్తు తెచ్చుకోండి. చిన్న తమ్ముని మూటలో రాజుగారి పాత్ర దొరికింది. అన్నలు కంగారుపడ్డారు. తమ తండ్రి వృద్ధుడని, ఈ పిల్లవాని బదులు తమలో ఒకరిని పట్టుకోమని వేడుకున్నారు. వాళ్ళు తమంతట తామే ముందుకొచ్చారు, పైగా సొంత అన్నలు. అయినా యూసుఫ్ (అలై) ఒప్పుకోలేదు. మా వస్తువు ఎవరి దగ్గర దొరికిందో అతణ్ణి వదిలి మరొకరిని పట్టుకోవడం నుంచి అల్లాహ్ మమ్మల్ని కాపాడుగాక, అలా చేస్తే మేము దుర్మార్గులమవుతాము అన్న భావంతో జవాబిచ్చారు (12:78, 79). ఆ ఘటన వెనుక దైవయోచన వేరే ఉంది. కానీ ఆయన నోట వెలువడిన న్యాయసూత్రం మాత్రం ఎల్లకాలానికీ వర్తిస్తుంది. అన్నలు స్వయంగా వచ్చి నిలబడినా ఒకరికి బదులు మరొకరిని పట్టుకోవడం 'జుల్మ్' అయినప్పుడు, ఇష్టం లేని తమ్ముణ్ణి, సంగతే తెలియని అల్లుణ్ణి పట్టుకుని పీడించడాన్ని ఏమనాలి?

దివాలా తీసిన వ్యక్తి విషయంలో ప్రవక్త (స) తీర్పు

హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. దైవప్రవక్త (స) కాలంలో ఒకాయన పండ్లు కొని తీవ్రంగా నష్టపోయారు. అప్పులు మీద పడ్డాయి. ఆయనకు దానం చేయమని ప్రవక్త (స) ప్రజలకు చెప్పారు. ప్రజలు తోచినంత ఇచ్చారు. అదంతా పోగుచేసినా అప్పు తీరలేదు. అప్పుడు ప్రవక్త (స) అప్పులవాళ్ళను పిలిచి, దొరికినంత తీసుకోండి, ఇంతకు మించి మీకు లేదని తేల్చి చెప్పారు.

ఈ చిన్న సంఘటనలో ఎన్ని విషయాలున్నాయో గమనించండి. మొదటిది, ప్రవక్త (స) అప్పులవాళ్ళ హక్కును కొట్టిపారేయలేదు, చేతికందినదంతా వాళ్ళకే ఇప్పించారు. రెండవది, మిగిలిన బాకీ కోసం ఆయన అన్నదమ్ములెవరు, మామగారెవరు అని వాకబు చేయలేదు. మూడవది, ఆదుకోమని సమాజమంతటినీ కోరారు. ఎవరినీ బలవంతపెట్టలేదు, ఇచ్చినదంతా దానంగానే ఇచ్చారు.

అంటే మిగతా బాకీ శాశ్వతంగా రద్దయినట్టేనా? కాదు. ఆ సమయానికి ఆయన్ని ఇంకా పట్టి పీడించడానికి వీల్లేదని, తర్వాత చేతికి డబ్బు వస్తే ఆ బాకీ ఆయనే తీర్చాలని ఉలమా వివరించారు. అల్ బఖరా సూరా 280వ ఆయతులో అల్లాహ్ ఆజ్ఞ కూడా ఇదే. బాకీదారుడు ఇబ్బందుల్లో ఉంటే అతనికి వెసులుబాటు కలిగేదాకా గడువివ్వాలి. మాఫీ చేసి దానంగా వదిలేస్తే అది ఇంకా మేలు. గడువు ఇవ్వడం ఆజ్ఞ, మాఫీ చేయడం ఔదార్యం. దానికి ముందున్న 279వ ఆయతులో అసలు తీసుకునే హక్కు అప్పిచ్చినవారికి ఉందని చెప్పాడు, మీరూ అన్యాయం చేయకండి, మీకూ అన్యాయం జరగకూడదన్నాడు. కనుక ఒక విశ్వాసి అడగగలిగింది అసలు మాత్రమే. వడ్డీ మీద వడ్డీ లెక్కగట్టి బాకీదారుణ్ణే అడగడం హరామ్ అయినప్పుడు, ఆ లెక్క పట్టుకుని అతని బంధువుల ఇంటికి వెళ్ళడం పాపం మీద పాపం.

దివాలా తీసిన వ్యక్తి ఆస్తిని పంచే పద్ధతిని కూడా మన ఫుఖహా వివరించారు. అతని కట్టుబట్టలు, ఇంటిల్లిపాది తిండికి తప్పనిసరి అయినది వదిలి, మిగతాది అప్పులవాళ్ళకు వారి వారి బాకీని బట్టి పంచాలి. ఉదాహరణకు మొత్తం అప్పు 10 లక్షలు, ఉన్న ఆస్తి 4 లక్షలు అనుకుందాం. రూపాయికి 40 పైసల లెక్కన, లక్ష ఇచ్చినవానికి 40 వేలు, 50 వేలు ఇచ్చినవానికి 20 వేలు వస్తాయి. గొంతు పెద్దదని ఒకరికి ఎక్కువ, మెతకవాడని మరొకరికి తక్కువ ఇవ్వకూడదు.

బంధువు ఎప్పుడు బాధ్యుడవుతాడు?

బంధుత్వం వల్ల బాధ్యత రాదన్నాం. అయితే వేరే కారణాల వల్ల బంధువు మీద బాధ్యత పడే సందర్భాలున్నాయి. వాటిని దాచిపెట్టి సగం మాట చెప్పడం న్యాయం కాదు.

మొదటిది జామీను. అప్పు ఇచ్చేటప్పుడు నేను పూచీ అని ఒకరు ఒప్పుకుంటే, ఆ పూచీకి అతను కట్టుబడి ఉండాలి. పూచీపడినవాడు బాధ్యుడేనని దైవప్రవక్త (స) చెప్పిన హదీసు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాలలో ఉంది. యూసుఫ్ (అలై) వృత్తాంతంలోనే రాజుగారి పాత్ర తెచ్చినవారికి ఒంటె మోత ధాన్యం ఇప్పించే పూచీ నాది అని ప్రకటించిన మనిషి కనిపిస్తాడు (12:72). మన దేశ చట్టం కూడా ఇదే అంటుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, జామీనుదారుని బాధ్యత అసలు బాకీదారుని బాధ్యతతో సమానం. గ్రూపు లోన్లలో ఒకరికొకరు సంతకాలు పెట్టుకునే అక్కచెల్లెళ్ళు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ సంతకం వడ్డీ లావాదేవీలో పాలుపంచుకోవడం కూడా అవుతుంది కాబట్టి ఇది రెండు విధాలా ప్రమాదం.

ఇక్కడ ఒక హెచ్చరిక. షరీఅత్‌లో పూచీ కాగితం మీదే ఉండాలన్న నియమం లేదు, నోటి మాటతోనూ ఏర్పడుతుంది. వాకిట్లో గొడవ జరుగుతుంటే పరువు పోతోందని, మీరు వెళ్ళండి, ఆ డబ్బు బాధ్యత నాది అని తమ్ముడు అనేస్తాడు. ఆ మాటతో అప్పటివరకూ లేని బాధ్యత అతని మీదికి వస్తుంది. తీర్చగల శక్తి, ఉద్దేశం ఉంటేనే ఆ మాట అనాలి. లేకపోతే, మా అన్నకు చెబుతాను, నా మాటగా ఏ హామీ ఇవ్వలేను అని మర్యాదగా చెప్పాలి.

రెండవది వారసత్వం. బాకీదారుడు చనిపోతే, అతను వదిలిన ఆస్తిలో నుంచి మొదట అప్పు తీర్చాలి. వీలునామా, అప్పు తీరిన తర్వాతే వాటాలన్న మాటను అల్లాహ్ అన్నిసా సూరా 11, 12 ఆయతులలో పదే పదే చెప్పాడు. అప్పుంచుకుని ఇల్లూ పొలమూ పంచేసుకున్న వారసులు అప్పులవాళ్ళ సొమ్ము తింటున్నట్టే. అయితే ఈ బాధ్యత వదిలిపోయిన ఆస్తి మేరకే. మన కోర్టులు కూడా వారసులను తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులుగా చూస్తాయి. తండ్రి ఏమీ వదలకపోతే కొడుకు సొంత సంపాదన మీద అప్పులవాళ్ళకు హక్కు లేదు. కొడుకు తీరిస్తే అది గొప్ప పుణ్యం, తండ్రి పట్ల చేసే ఉత్తమ సేవ.

హజ్రత్ జుబైర్ (రజి) షహీద్ అయినప్పుడు ఆయనపై 22 లక్షల బాకీ తేలింది. ప్రజలు అమానతుగా దాచుకోవడానికి డబ్బు తెస్తే, పోతే మీకు నష్టమని, దాన్ని అప్పుగానే రాసుకునేవారు. ఆయన కుమారుడు అబ్దుల్లాహ్ (రజి) తండ్రి ఆస్తిని అమ్మి బాకీలన్నీ తీర్చారు. మిగతా వారసులు వాటాలు అడిగితే వెంటనే ఇవ్వలేదు. నాలుగు సంవత్సరాలపాటు ప్రతి హజ్‌లో, జుబైర్ ఎవరికైనా బాకీ ఉంటే వచ్చి తీసుకోండని ప్రకటన చేయించి, ఆ తర్వాతే పంపకం చేశారు. ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. బాకీదారుని ఇంటివారు ఎంత నిజాయితీగా ఉండాలో దీన్ని చూసి నేర్చుకోవాలి.

మూడవది దాచిన ఆస్తి. ఈ మాట కొందరికి చేదుగా ఉంటుంది, అయినా చెప్పక తప్పదు. ఐ.పి. పెట్టడానికి ముందు ఇల్లు భార్య పేరిట, స్థలం బావమరిది పేరిట, నగదు అక్క ఇంట్లో పెట్టి, నా దగ్గరేమీ లేదని చేతులెత్తేసేవాళ్ళున్నారు. అలాంటి ఆస్తి ఎవరి పేరున ఉన్నా అది అప్పులవాళ్ళదే. దాన్ని దాచిపెట్టిన బంధువు అమాయకుడు కాడు, మోసంలో భాగస్వామి. తిరిగి ఇచ్చేదాకా అతను అల్లాహ్ ముందు దోషి. అయితే భార్యకు అందిన మహర్, ఆమె పుట్టింటివారు ఆమెకు పెట్టిన నగలు ఆమె సొంతం. వాటి మీద భర్త అప్పులవాళ్ళకు ఏ హక్కూ లేదు. నిజానికి మహర్ ఇంకా బాకీ ఉంటే, ఆ భార్య కూడా అప్పులవాళ్ళ వరుసలో నిలబడి తన వంతు అడగవచ్చు.

ఈ మూడూ కాకపోతే తమ్ముడైనా, కొడుకైనా, అల్లుడైనా ఆ అప్పుకు బాధ్యుడు కాడు.

అప్పిచ్చిన సోదరునికి

సోదరా! మీ సొమ్ము మీ హక్కు. దాన్ని అడిగే అధికారం మీకుంది. ఒకాయన దైవప్రవక్త (స) దగ్గరికి వచ్చి తన బాకీ గురించి కటువుగా మాట్లాడారు. సహాబాలకు కోపం వచ్చింది. ప్రవక్త (స) వాళ్ళను ఆపి, హక్కుదారునికి మాట్లాడే అధికారం ఉంటుందన్నారు. ఆయనకు రావలసిన ఒంటె కంటే మేలైన ఒంటెను ఇప్పించి, చక్కగా బాకీ తీర్చేవారే మీలో ఉత్తములన్నారు (బుఖారీ, ముస్లిం). అలాగే, ఉండి కూడా వాయిదాలు వేయడం దుర్మార్గమని ఆయన చెప్పారు. డబ్బుండి ఎగ్గొట్టేవాణ్ణి కోర్టుకీడ్చడం తప్పు కాదు.

కాని ఆ మాట్లాడే అధికారం బాకీదారునితోనే. అతని చెల్లెలితో, అతని పిల్లల బడి దగ్గర మాట్లాడే అధికారం మీకు లేదు. లేనివానికీ ఎగ్గొట్టేవానికీ ఉన్న తేడా కూడా చూడాలి.

హజ్రత్ అబుల్ యసర్ (రజి) బద్ర్ యోధులు. బనీ హరామ్ తెగవాడొకడు ఆయనకు బాకీ ఉన్నాడు. ఆయన స్వయంగా వాళ్ళ ఇంటికి వెళ్ళి సలాం చెప్పి, ఉన్నాడా అని అడిగారు. లేడన్నారు. ఇంతలో ఆ ఇంటి పిల్లవాడు బయటికొచ్చాడు. మీ నాన్న ఎక్కడని అడిగితే, మీ గొంతు విని అమ్మ మంచం చాటుకు వెళ్ళి దాక్కున్నాడని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. అబుల్ యసర్ (రజి) అతణ్ణి బయటికి పిలిచి ఎందుకు దాక్కున్నావని అడిగారు. మీతో అబద్ధమాడాల్సి వస్తుందేమోనని, మాటిచ్చి తప్పాల్సి వస్తుందేమోనని భయపడ్డాను, మీరేమో దైవప్రవక్త సహచరులు, నా దగ్గరేమో డబ్బు లేదు అన్నాడతను. అల్లాహ్ సాక్షిగా నిజమేనా అని ఆయన మళ్ళీ మళ్ళీ అడిగారు. నిజమేనన్నాడు. అప్పుడాయన బాకీ పత్రం తెప్పించి తన చేత్తోనే చెరిపేశారు. డబ్బు దొరికితే తీర్చు, లేకుంటే నీకు మాఫీ అన్నారు. ఇబ్బందుల్లో ఉన్న బాకీదారునికి గడువిచ్చినా, మాఫీ చేసినా అల్లాహ్ తన నీడలో చోటిస్తాడని దైవప్రవక్త (స) చెప్పగా ఈ కళ్ళతో చూశాను, ఈ చెవులతో విన్నాను అని తన కళ్ళనూ చెవులనూ చూపించారు (ముస్లిం).

ఆ ఇంట్లో భార్య ఉంది, పిల్లవాడున్నాడు. ఆయన ఆ పిల్లవాణ్ణి బెదిరించలేదు, నీ తండ్రి దొంగ అనలేదు. ఈనాడు మన పిల్లలకు నాన్న ఇంట్లో లేడని చెప్పమని అబద్ధం నేర్పుతున్నది ఎవరు? ఆ భయాన్ని ఇంటిదాకా తెస్తున్నది ఎవరు? ఆలోచించండి.

వసూలుకు వెళ్ళే యువకునికి

పూర్వం ఒక వర్తకుడుండేవాడు. ప్రజలకు అప్పులిచ్చేవాడు. వసూలుకు పంపే తన పనివాళ్ళతో, ఇవ్వలేనివాడు కనిపిస్తే వదిలేయండి, అల్లాహ్ మనల్ని కూడా వదిలేస్తాడేమో అనేవాడు. అల్లాహ్ అతణ్ణి క్షమించాడని దైవప్రవక్త (స) తెలిపారు (బుఖారీ, ముస్లిం). వసూలుకు వెళ్ళే మనుషులకు ఏ ఆదేశం ఇవ్వాలో ఈ హదీసు నేర్పుతోంది.

న్యాయమైన బాకీని మర్యాదగా అడిగి తెచ్చే పని చేసి జీతం తీసుకోవడంలో తప్పు లేదు. కానీ వడ్డీ వసూలు చేయడం వేరు. వడ్డీ తినేవానితోపాటు ఇచ్చేవాణ్ణి, రాసేవాణ్ణి, సాక్షులను కూడా దైవప్రవక్త (స) శపించారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు (ముస్లిం). ఇక తిట్టడం, ఆడవాళ్ళ గురించి నీచంగా మాట్లాడడం, ఫోటోలు మార్చి బంధువులకు పంపడం ఏ బాకీ వల్లా హలాల్ కావు. అసలైన దివాలాకోరు ఎవరో ప్రవక్త (స) మనకు చెప్పారు. ప్రళయదినాన నమాజు, ఉపవాసం, జకాత్ అన్నీ పట్టుకుని వచ్చినా, ఒకరిని తిట్టి, ఒకరిపై నింద వేసి, ఒకరి సొమ్ము తిని, ఒకరిని కొట్టి వచ్చినవాడే ఆ దివాలాకోరు. అతని పుణ్యాలన్నీ బాధితులకు పంచిపెడతారు. అవి చాలకపోతే వాళ్ళ పాపాలు ఇతని మీద వేస్తారు (ముస్లిం). ప్రపంచంలో దివాలా తీసిన మనిషి ఇంటి ముందు నిలబడి, పరలోకంలో తాను దివాలా తీసే పని చేస్తున్నానా అని ఆ యువకుడు తనను తాను ప్రశ్నించుకోవాలి. అల్లాహ్ భూమి విశాలమైనది. హలాల్ ఉపాధి వెతికేవానికి ఆయన దారి చూపిస్తాడు.

వేధింపులు ఎదురైతే బంధువులు ఏం చేయాలి?

ఒకటి, ఓర్పుతో, మర్యాదతో మాట్లాడండి. వచ్చినవాడు సొమ్ము పోగొట్టుకున్న మనిషని మరువకండి. తిట్టుకు తిట్టు జవాబు కాదు.

రెండు, కాగితం చూపించమని అడగండి. అప్పు వ్యవహారాన్ని రాసుకొమ్మని, సాక్షులను పెట్టుకొమ్మని అల్లాహ్ ఆదేశించిన బఖరా సూరా 282వ ఆయతు ఖుర్ఆన్‌లోకెల్లా పెద్ద ఆయతు. అసలు ఎంత, వడ్డీ ఎంత, సంతకాలు ఎవరివో తెలుసుకోండి. మీ సంతకం, మీ పూచీ లేకపోతే ఆ సంగతి స్పష్టంగా చెప్పండి.

మూడు, ఒత్తిడికి లొంగి కొత్తగా ప్రామిసరీ నోటు మీదగానీ, ఖాళీ చెక్కు మీదగానీ సంతకం చేయకండి.

నాలుగు, అబద్ధమాడకండి. మనిషి అప్పులపాలైతే మాట్లాడితే అబద్ధం చెబుతాడని, మాటిస్తే తప్పుతాడని ప్రవక్త (స) అన్నారు. అందుకే నమాజులో అప్పు నుంచి అల్లాహ్ శరణు వేడుకునేవారు (బుఖారీ). అన్న చేసిన అప్పు తమ్ముణ్ణి అబద్ధాలకోరుగా మార్చకూడదు.

ఐదు, పెద్దల సమక్షంలో కూర్చోండి. కఅబ్ బిన్ మాలిక్ (రజి), ఇబ్నె అబీ హద్రద్ (రజి) ఒక బాకీ విషయమై మస్జిద్‌లో గట్టిగా వాదించుకుంటుంటే ప్రవక్త (స) తన గది తెర తొలగించి బయటికొచ్చి, సగం తగ్గించమని కఅబ్‌కు సైగ చేశారు. ఆయన ఒప్పుకోగానే, ఇక లేచి తీర్చేయమని రెండో ఆయనకు చెప్పారు (బుఖారీ, ముస్లిం). మన మస్జిద్ కమిటీలు చందాలకే పరిమితం కాకుండా ఇలాంటి తగవులు కూడా తీర్చాలి.

ఆరు, బెదిరింపులు ఆగకపోతే చట్టం సహాయం తీసుకోండి. దౌర్జన్యాన్ని ఆపించడం ధర్మవిరుద్ధం కాదు. అప్పు వసూలు పేరుతో బాకీదారులను బహిరంగంగా అవమానించకూడదని, వారి కుటుంబసభ్యుల, స్నేహితుల జోలికి వెళ్ళకూడదని, ఉదయం 8 గంటలకు ముందు, రాత్రి 7 గంటల తర్వాత ఫోన్లు చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకూ ఫైనాన్స్ సంస్థలకూ ఆదేశాలిచ్చింది. అదే సంవత్సరం మార్చిలో సూక్ష్మరుణ సంస్థలకు ఇచ్చిన ఆదేశాల్లో బంధువులను, తోటి ఉద్యోగులను వేధించడాన్ని నిషేధించింది. ఫోనులోని కాంటాక్టుల జాబితా జోలికి వెళ్ళవద్దని సెప్టెంబరులో లోన్ యాప్‌లకు షరతు పెట్టింది. 2010 అక్టోబరులో సూక్ష్మరుణాల వసూలు వేధింపులకు కొందరు ప్రాణాలు తీసుకున్న నేపథ్యంలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడలో కాల్‌మనీ దారుణాలు, 2020 చివర్లో హైదరాబాద్‌లో లోన్ యాప్‌ల కేసులు మన ముందు జరిగినవే. వచ్చిన ఫోన్లు, మెసేజ్‌లు భద్రపరచి ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఫలితం లేకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయండి. బెదిరింపులైతే పోలీసులకు, ఆన్‌లైన్ వేధింపులైతే 1930 నంబరుకు చెప్పండి. అవమానం భరించలేక ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే వెంటనే నమ్మకమైన మనిషితో చెప్పుకోండి. ప్రాణం అల్లాహ్ ఇచ్చిన అమానతు. ఏ అప్పూ దానికంటే పెద్దది కాదు.

సమాజం మీద ఉన్న బాధ్యత

ఇస్లాం ఆ భారాన్ని బంధువు మెడకు చుట్టకపోతే మరి ఎవరి మీద పెట్టింది? తొలిరోజుల్లో బాకీతో చనిపోయిన వ్యక్తి జనాజా వస్తే, తీర్చడానికి ఏమైనా వదిలాడా అని ప్రవక్త (స) అడిగేవారు. ఒకరోజు మూడు దీనార్ల బాకీ ఉన్న వ్యక్తి జనాజా వచ్చింది. మీ సహచరునికి మీరే నమాజ్ చేయండన్నారు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ బాకీ నేను తీరుస్తానని ముందుకొస్తే అప్పుడు నమాజ్ చేయించారు (బుఖారీ). అప్పు ఎంత భయంకరమో దీన్నిబట్టి అర్థమవుతుంది. తర్వాత విజయాలు కలిగి నిధులు సమకూరాక, బాకీతో చనిపోయినవాని అప్పు తీర్చే బాధ్యత తనదని, అతను వదిలిన ఆస్తి మాత్రం వారసులదేనని ప్రవక్త (స) ప్రకటించారు (బుఖారీ, ముస్లిం). ఆ భారం సమాజపు ఉమ్మడి నిధికి చేరింది.

అత్తౌబా సూరా 60వ ఆయతులో జకాత్ పొందడానికి అర్హులైన ఎనిమిది వర్గాలలో 'గారిమీన్', అంటే అప్పులపాలైనవారు, ఒక వర్గం. కనుక స్తోమత ఉన్న అన్నదమ్ములు దివాలా తీసిన సోదరునికి జకాత్ ఇవ్వవచ్చు. అందులో రెండు పుణ్యాలున్నాయి, ఒకటి దానం, రెండవది రక్తసంబంధాన్ని నిలపడం. తల్లిదండ్రులకు, సంతానానికి జకాత్ ఇవ్వకూడదని హనఫీ ఉలమా చెబుతారు, వారికి సొంత సొమ్ముతోనే సాయపడాలి. రావలసిన బాకీని వదిలేసి దాన్నే జకాత్‌గా లెక్కవేసుకోవడం చెల్లదన్నది అత్యధిక ఉలమా అభిప్రాయం. మాఫీ చేసిన పుణ్యం వేరు, జకాత్ వేరు.

చివరగా దివాలా తీసిన సోదరునికి ఒక మాట. తీర్చే ఉద్దేశంతో అప్పు తీసుకున్నవాని తరఫున అల్లాహ్ తీరుస్తాడని, ఎగ్గొట్టే ఉద్దేశంతో తీసుకున్నవాణ్ణి అల్లాహ్ నాశనం చేస్తాడని ప్రవక్త (స) హెచ్చరించారు (బుఖారీ). షహీద్ పాపాలన్నీ క్షమించబడతాయి, అప్పు తప్ప (ముస్లిం). మీరు పారిపోయి దాక్కుంటే ఆ వాకిట్లో నిలబడేది మీ తల్లి, మీ చెల్లెలు. వాళ్ళను ఆ అవమానం నుంచి తప్పించే మొదటి బాధ్యత మీదే. తిరిగి రండి. ఉన్నది ఉన్నట్టు రాసి అప్పులవాళ్ళ ముందు పెట్టండి. గడువు అడగండి, కొంతైనా చెల్లించడం మొదలుపెట్టండి. కోర్టు ఇచ్చే ఐ.పి. ఉత్తర్వు ఈ లోకపు ఊరట మాత్రమే, అల్లాహ్ దగ్గర లెక్క మిగిలే ఉంటుంది.

ఓ అల్లాహ్! మమ్మల్ని అప్పుల భారం నుంచి, మనుషుల దౌర్జన్యం నుంచి కాపాడు. బాకీ ఉన్నవారికి తీర్చే శక్తిని, అప్పిచ్చినవారికి గడువిచ్చే విశాల హృదయాన్ని, మా బంధువులకు ఒకరినొకరు ఆదుకునే ప్రేమను ప్రసాదించు. ఆమీన్.